గెడ్డవలస ఓడరేవు

గెడ్డవలస నుంచి సముద్రానికి నూట డెబ్భై రెండు కిలోమీటర్లు. ఊరు ఓడరేవు అయ్యేదాకా ఎవరూ ఆ దూరం కొలవలేదు. చుట్టూ కొండలు, కొండల మీద జీడితోటలు, తోటల్లో కోతులు. సముద్రంతో పని పడిన మనిషి ఊళ్లో ఒక్కడూ లేడు, ఎండుచేపలమ్మే ఆవిడ తప్ప. ఆవిడదీ పక్క ఊరే.

ఓడరేవు ఎలాగయిందో తెలియాలంటే ముందు గొట్టం సంగతి తెలియాలి. పైన కొండల్లో ఇనప రాయి తవ్వుతారు. దాన్ని మెత్తగా పిండి కొట్టి, నీళ్లు కలిపి, జావ చేసి, భూమిలో పాతిన గొట్టంలోకి తోస్తారు. ఆ జావ రెండు రోజులు కొండలెక్కి, లోయలు దిగి, తీరం దగ్గర బయటపడుతుంది. అక్కడ దాన్ని వడగట్టి ఇనుమును ఓడకెక్కిస్తారు. నీళ్లను సముద్రంలోకి వదిలేస్తారు, సముద్రానికేదో తక్కువైనట్టు. దారిలో జావకి ఊపు తగ్గకుండా పంపు స్టేషన్లుంటాయి. మూడోది గెడ్డవలసలో ఉంది. ఒకటే షరతు, జావ ఆగకూడదు. కాసేపు ఆగిందా, ఇనుము అడుక్కి దిగి గొట్టంలోనే గోడ కట్టేస్తుంది.

పంపులకి మంచినీళ్లు కావాలని స్టేషన్ వాళ్లు ఆవరణలో లోతైన బోరు దింపారు. అది రాత్రింబవళ్లూ తోడుతూనే ఉంటుంది. రెండేళ్లు తిరక్కుండా ఊళ్లో ఏడు నూతులూ అడుగు చూపించాయి. ఆడవాళ్లు మైలున్నర నడిచి, వాగులో చెలమ తీసి, చిప్పతో తోడుకుంటే గంటకి ఒక బిందె.

ఈ అన్యాయం మీద పోరాడుతున్నవాడు మజ్జి పారినాయుడు. చదువు ఏడో తరగతి. మిగతాదంతా ప్రభుత్వ జవాబులు చదివి నేర్చుకున్నాడు. మైకు అక్కర్లేని గొంతు. తొమ్మిదేళ్లలో నీళ్ల కోసం ముప్పై ఏడు అర్జీలు పెట్టాడు. ముప్పై ఏడింటికీ ఒకటే జవాబు: 'పరిశీలనలో ఉంది'. ఆ జవాబులన్నీ రేకుపెట్టెలో దాచాడు. వానొస్తే ముందు ఆ పెట్టెనే లోపలికి తెచ్చుకునేవాడు, తర్వాతే మేకని.

ముప్పై ఎనిమిదో అర్జీ పట్టుకుని గొట్టం సంస్థ డిప్యూటీ జనరల్ మేనేజర్ శేషఫణి గారి గదిలోకి తోసుకుపోయాడు. శేషఫణి గారు మర్యాదస్తుడు. లేచి నిలబడి మరీ లేదని చెప్పే రకం.

"సార్, మా ఊరి కిందనుంచి నీళ్లు పోతన్నాయి. ఒక్క కుళాయి పెట్టండి. ఒక్కటంటే ఒక్కటి."

"పారినాయుడు గారూ, మీరు పొరబడుతున్నారు. గొట్టంలో ఉన్నది నీరు కాదు."

"మరేటండి?"

"వాహక మాధ్యమం."

"తడిగా ఉంటాదా?"

"ఉంటుంది."

"తాగితే దాహం తీరతాదా?"

"ఆ దిశగా సంస్థ ఇంకా అధ్యయనం చేపట్టలేదు. అయినా పదకొండో నిబంధన ప్రకారం వాహక మాధ్యమాన్ని ఓడరేవులో తప్ప మరెక్కడా విడుదల చేయరాదు. మీ అర్జీ పరిశీలనలో ఉంది. ఫైలు తన మార్గంలో తాను ప్రయాణిస్తోంది."

పారినాయుడికి మండింది. బల్ల మీద ఒక్కటి చరిచాడు. "అయితే మా ఊరినే ఓడరేవు చేసీయండి! వదిలిపోద్ది!"

మనవాడు కోపంలో అన్నాడు. ఉద్యమకారుడికి కోపం వచ్చినప్పుడు నోటిమాట వేరు, డిమాండు వేరు అని తెలియాలి. పారినాయుడికి ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు. కానీ శేషఫణి గారు కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఆయన ముఖం వెలిగింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి, నీళ్లివ్వకుండా తీర్చగలిగిన నీళ్ల డిమాండు ఆయన చేతికొచ్చింది.

"కుళాయి అంటే పన్నెండు శాఖల అనుమతి కావాలి," అన్నారాయన. "ఓడరేవు అంటే ఒక్క ఉత్తర్వు చాలు."

నలభై రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. గెడ్డవలస, సముద్ర సంబంధం లేకుండానే, ఓడరేవు. దాని కింద గొట్టముంది, గొట్టం చివర సముద్రముంది, కాబట్టి గెడ్డవలస తీరప్రాంతమేనని అందులో రాశారు. పారినాయుడు దాన్ని మూడుసార్లు గట్టిగా చదివాడు. నాలుగోసారికి నిజమే కదా అనిపించింది.

ఊళ్లో డప్పులు మోగాయి. పారినాయుడు దండలు వేయించుకున్నాడు. రేవు సలహా సంఘమని ఒకటి పెట్టి, మనవాణ్ని దానికి అధ్యక్షుణ్ని చేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. సంఘం నియమావళిలో అధ్యక్షుడికి ఒక కుర్చీ తప్ప ఏమీ లేదని పారినాయుడు గమనించాడు. 'అధ్యక్షుడి సంతకం, ముద్ర లేనిదే రేవులో ఏ పనీ మొదలుకాకూడదు, ఏ పనీ ఆగకూడదు' అనే వాక్యం చేర్చాలని స్టేషన్ గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మూడు రోజులు. తొమ్మిదేళ్ల కిందట కుళాయి కోసం కూర్చున్నది ఒకటిన్నర రోజు. ఆ లెక్క భార్య నూకరత్నమే గుర్తుచేసింది. ఆ పూట ఆయనకి పెరుగు వడ్డించలేదు.

వాక్యం చేర్చారు. ముద్ర కూడా వచ్చింది. లంగరు ఆకారంలో పోతపోసిన ఇత్తడి ముద్ర, కిలోకి పైమాటే. పారినాయుడు దాన్ని కండువా కొసన మూటకట్టుకుని తిరిగేవాడు. నడిస్తే మోకాలికి తగిలేది. ఆ దెబ్బ కూడా హోదాగానే ఉండేది.

తర్వాత కెప్టెన్ కృపాదానం గారు దిగారు, రేవు అధికారిగా. తెల్ల బట్టలు, బంగారు గుండీలు, మెడలో బైనాక్యులర్. ముప్పై ఏళ్లు ఓడల మీద గడిపిన మనిషి. కొండలకేసి నాలుగు వైపులా బైనాక్యులర్ తిప్పి చూసి, "అల కనబడటం లేదు. మంచిదే, ప్రశాంతమైన రేవు," అన్నాడు.

కుళాయి పెట్టారు. అవును, నిజంగానే పెట్టారు. మొదటి రోజు ప్రారంభోత్సవానికి శేషఫణి గారు తిప్పితే, బుడగలతో దగ్గుతూ ఎర్రటి జావ అర బిందె వచ్చింది.

నూకరత్నం బిందెలోకి వంగి చూసింది. "కాసింది బాగానే కాసినారు. ఉప్పే మరిసిపోనారు."

"ఇనుము వెళ్తున్న సమయంలో తిప్పామమ్మా," అన్నారు శేషఫణి గారు. "మధ్యమధ్యలో ఉత్త నీళ్లు కూడా పంపుతాం. అప్పుడు మాత్రమే తిప్పాలి."

"అప్పుడు తిప్పడానికి పోటు ఉండాలి," అన్నాడు కెప్టెన్, చంకలోంచి ఒక పుస్తకం తీసి. "రేవులో విడుదలలన్నీ పోటు వేళల్లోనే. ఆటు వేళల్లో నిషేధం."

"మా ఊరికి ఆటుపోట్లెక్కడివి బాబూ?"

"లేకపోతే కేటాయిస్తాం," అన్నాడు కెప్టెన్.

తీరం పోట్ల పట్టికే గెడ్డవలసకి కేటాయించారు. పోటు వచ్చిన వేళ గొట్టంలో ఇనుము ఉండేది. గొట్టంలో నీళ్లున్న వేళ ఆటు ఉండేది. రెండూ కలిసొచ్చిన ఒక్క మంగళవారం బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసి, కుళాయికి తాళం వేశారు. మత్స్యకారులు వేటకి వెళ్లరాదని మైకులో చెప్పారు. కొండమీద మేకల్ని మేపుతున్నవాళ్లు భయపడి దిగొచ్చేశారు.

ఆపైన భద్రత వచ్చింది. జలాశయాల వద్దకు వెళ్లే రేవువాసులందరూ తేలే చొక్కాలు ధరించాలన్నారు. మండుటెండలో ఆడవాళ్లు నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని, నెత్తిన ఖాళీ బిందెలతో, చీలమండ కూడా మునగని చెలమకి నడిచారు. ఊరి మధ్య కంకరగుట్ట మీద ఒక పడవ తెచ్చి నిలబెట్టారు, రేవుకి ఓడ ఉండాలి కనక. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి.

పారినాయుడు వీటిలో ఒక్కదానికీ ఎదురుచెప్పలేదు. ఆయనకి తీరిక ఏదీ? రోజుకి నలభై కాగితాలు. ఒక్కోదాని మీద సంతకం, పక్కన లంగరు ముద్ర. మొదట్లో చదివేవాడు. తర్వాత పై లైను చదివేవాడు. చివరికి సంతకం పెట్టే చోటు ఎక్కడుందో మాత్రం చూసేవాడు. మాట కూడా మారింది. ఒకరోజు అన్నం దగ్గర నూకరత్నం మజ్జిగ పొయ్యబోతే, "ఇంకా విడుదల వద్దు," అన్నాడు.

"ఏటి?"

"మజ్జిగ వద్దే."

అయితే ఒక విచిత్రం ఆయన గమనించనే లేదు. ఇంట్లో బిందెలు నిండుగా ఉంటున్నాయి. స్నానానికి బకెట్టెడు దొరుకుతోంది. ఇదంతా తన కుళాయి మహిమేనని పారినాయుడు నమ్మాడు. మండలాఫీసు మీటింగులో ఆ మాటే చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

మహిమ కుళాయిది కాదు. నూకరత్నం అన్న దాలయ్యది.

దాలయ్య పంపు స్టేషన్లో ఫిట్టరు. పంపులో ముందుకీ వెనక్కీ ఆడే కడ్డీ చుట్టూ ప్యాకింగ్ అనే జిడ్డు తాడు చుట్టి, గ్లాండు అనే ఇనప మూతని నట్లతో బిగిస్తారు. జావలోని ఇనుము కడ్డీని కొరికెయ్యకుండా అక్కడ బోరునీళ్లు తోస్తారు. ఆ నీళ్లు కాస్త కాస్త బయటికి కారుతూ ఉండాలి. కారితేనే ప్యాకింగ్ చల్లగా ఉంటుంది. ఎంత కారాలన్నది ఫిట్టరు చెయ్యి చూసుకుంటుంది. దాలయ్య చెయ్యి చెల్లెలి బిందె చూసి, మూడు పంపుల నట్లూ తలో అర తిప్పు వదులు చేసింది. స్టేషన్ వెనక గోడ తూములోంచి, చల్లటి తెల్లటి నీళ్లు సన్నగా, ఆగకుండా వచ్చాయి. ఆడవాళ్లు చప్పుడు చెయ్యకుండా వరస కట్టారు. ఉత్తర్వు లేదు, పోటు లేదు, నారింజ చొక్కా లేదు. ఊరంతటికీ తెలుసు. పారినాయుడికి చెప్పొద్దని నూకరత్నం అందరి చేతా ఒట్టేయించుకుంది.

"సెప్తే దానికో సంఘం పెడతాడు," అంది.

ఒక ఉదయం పారినాయుడి ముందుకొచ్చిన నలభై కాగితాల్లో ఇరవై ఆరోది ఇది: 'రేవు పరిధికి వెలుపల గ్లాండుల ద్వారా జరుగుతున్న అనధికార విడుదలను తక్షణం, సంపూర్ణంగా నిలిపివేయడమైనది.' పారినాయుడు సంతకం పెట్టాడు. ముద్ర గట్టిగా పడలేదని రెండోసారి కూడా కొట్టాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో బిందెలు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన నూకరత్నం, ఆవిడ పక్కన దాలయ్య.

"అన్నం ఏదే?"

"ఎసట్లోకి నీళ్లు నేవు. నువ్వే ఆపించీసినావు కదా."

"నానా? ఏ నీళ్లు?"

నూకరత్నం చెప్పింది. తూము సంగతి, నట్ల సంగతి, మూడు నెలలుగా ఆయన తాగుతున్న నీళ్ల సంగతి. వింటున్నకొద్దీ పారినాయుడు మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. ముద్ర మోకాలికి తగిలింది. ఈసారి నొప్పి పుట్టింది.

"నీ సంతకం సూసి బిగించీమన్నారు బావా," అన్నాడు దాలయ్య. "బిగించీసినాను. చుక్క రాదు. కానీ అది కారాల. కారకపోతే ప్యాకింగ్ మాడి సస్తాది. పుస్తకంలో కూడా రాసుంది."

"మరి ఆ మాట సెప్పలేకపోనావేట్రా!"

"సెప్పినాను. అధ్యక్షుల వారి ముద్ర రెండుసార్లు పడింది, రెట్టింపు అత్యవసరం అన్నారు."

"ఎల్లి విప్పీరా. ఇప్పుడే విప్పీ!"

"నీ కాయితం ఉండాల. ఏ పనీ మొదలవకూడదు, ఏ పనీ ఆగకూడదు. మూడ్రోజులు తిండి మానీసి రాయించినావు కదా బావా."

పారినాయుడు ఎండలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. కెప్టెన్ కృపాదానం పడవలో కూర్చుని ఓడ లాగ్‌బుక్కు రాస్తున్నాడు.

"కెప్టెన్ గారూ, నట్లు వదులు సెయ్యాల! కాయితం ఇవ్వండి, సంతకం పెడతాను!"

"రేవు మూసి ఉంది," అన్నాడు కెప్టెన్. "మూడో నంబరు."

"ఎక్కడండీ గాలీ?"

"అండమాన్ దగ్గర."

ఆ మాట అంటుండగానే పంపు స్టేషన్ కప్పు మీద నల్లటి పొగ లేచింది. మూడు పంపులకీ ఒకటే కాగితం, మూడూ ఒకదాని వెనకొకటి మాడాయి. భూమి కింద పదకొండేళ్లుగా వినబడుతున్న గుబగుబ ఆగింది. ఊళ్లో కుక్కలు లేచి నిలబడి చుట్టూ చూశాయి. సాయంత్రానికి గెడ్డవలస కింద రెండు కిలోమీటర్ల గొట్టంలో ఇనుము గడ్డకట్టింది.

సంస్థ దాన్ని ప్రమాదం అనలేదు. అంటే విచారణ జరపాలి. ఓడరేవు కనక 'రేవులో పూడిక' అన్నారు. పూడికకి విచారణ అక్కర్లేదు, పూడిక తీసే ఓడ చాలు. ఓడకి కబురెళ్లింది. అది బయల్దేరి తీరం దాకా వచ్చి ఆగింది. 'రేవు ముఖద్వారం కనబడటం లేదు,' అని ఓడ నుంచి కబురు. 'మీ ఎదురుగా నూట డెబ్భై రెండు కిలోమీటర్లు. నేరుగా రండి,' అని కెప్టెన్ జవాబు. ఇలా పద్దెనిమిది రోజులు నడిచింది. చివరికి ఓడని మర్యాదగా సాగనంపి, గొట్టాన్నే కోసి కొత్త ముక్క అతికించే పని మొదలుపెట్టారు.

మొదటి కొన్నాళ్లు పారినాయుడు ఇల్లు కదల్లేదు. రేకుపెట్టె తెరిచి ముప్పై ఏడు జవాబులూ మళ్లీ చదివాడు. తను తిట్టిన మాటల్లో ఒక్కటి కూడా వదలకుండా ఈ మూడు నెలల్లో అన్నీ తనే మాట్లాడాడని అర్థమైంది. నూకరత్నం తేలే చొక్కా తొడుక్కోకుండా చెలమకి వెళ్లొచ్చేది. తన వంతుకి పారినాయుడు కూడా బిందె పట్టుకుని వెనకాలే నడిచాడు. చిప్పతో తోడాడు. గంటకి ఒక బిందె అని తొమ్మిదేళ్లు ఉపన్యాసాల్లో చెప్పాడు గాని, అది ఎంత పొడుగు గంటో అప్పుడే తెలిసింది.

ఇరవై మూడో రోజు పొద్దున్న నూకరత్నం వీధి నూతి దగ్గర నిలబడి కేకేసింది.

"మావా! ఇలా రా!"

చేద తాడు కొస తడిసి ఉంది.

పంపులు ఆగిపోయాయి కనక బోరుతో పనిలేక, బోరూ ఆగిపోయింది. భూమి తన నీళ్లు తాను మెల్లగా సర్దుకుంది. వారానికి బెత్తెడు, రెండు వారాలకి మూరెడు. ఏడు నూతుల్లో ఐదింటికి తడి వచ్చింది. తొమ్మిదేళ్ల ఉద్యమం తేలేనిది, చదవకుండా కొట్టిన ఒక ముద్ర తెచ్చింది. పారినాయుడు దీన్ని విజయోత్సవ సభగా మారుద్దామని ఒక్క క్షణం అనుకున్నాడు. నూకరత్నం చూపు చూసి ఊరుకున్నాడు.

గొట్టం అతుకు పూర్తయింది. శేషఫణి గారు స్వయంగా ఇంటికొచ్చారు, వెనక కెప్టెన్ గారు.

"అధ్యక్షుల వారూ, శుభవార్త. పూడిక తొలగింది. రేవును పునఃప్రారంభిస్తున్నాం. చిన్న సంతకం, మీ ముద్ర. ఇక్కడ."

ఆయన వేలు సంతకం చోటు మీదే ఉంది. పారినాయుడు ఆ వేలిని పక్కకి జరిపాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కూడబలుక్కుంటూ, లైను లైనుకీ వేలు పెట్టుకుంటూ. శేషఫణి గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఐదో లైను దగ్గర వేలు ఆగింది.

"'బోరు నుంచి పూర్వ ప్రమాణంలో జలసేకరణ పునరుద్ధరించబడును'. ఇదేటండి?"

"అది సాధారణ వాక్యం. అన్నిట్లోనూ ఉంటుంది."

"అన్నిట్లోనూ ఉందా? మీరు మొదట దింపినప్పుడూ ఉందా?"

"ఉండే ఉంటుంది. ఎవరు చదువుతారు చెప్పండి?"

"నానూ చదవలేదండి," అన్నాడు పారినాయుడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. లోపలికెళ్లి రేకుపెట్టె తెరిచి, ముప్పై ఏడు జవాబుల మీద పెట్టి మూతేశాడు.

"ఏమిటిది పారినాయుడు గారూ? సంతకం?"

"పరిశీలనలో ఉందండి."

శేషఫణి గారి ముఖంలో రంగు మారింది. ఆ మాట ఎదుటివాళ్లకి ఎలా వినిపిస్తుందో ఆయనకి సర్వీసులో మొదటిసారి తెలిసినట్టుంది. "ఎన్నాళ్లు?"

"ఫైలు తన మార్గంలో తాను ప్రయాణిస్తాది సార్. కూర్చోండి, మంచినీళ్లు తాగి ఎల్దురు గాని."

"మీ సంతకం లేకుండా నేనీ పంపు నడపలేనయ్యా! నిబంధన ఉంది!"

"తెలుసండి. నానే పెట్టించినాను."

"పోనీ ఆ ముద్రయినా ఇటివ్వండి. మార్గం ఏదైనా ఆలోచిస్తాం. ముద్ర ఎక్కడుంది?"

పారినాయుడు వీధి నూతి వైపు చూపించాడు. నూకరత్నం తాడు వదులుతోంది. ప్లాస్టిక్ చేద తేలికది, నీళ్ల మీద తేలిపోతుంది గాని మునగదు. ఒక పక్కకి వాలాలంటే అంచుకి బరువు కట్టాలి. చేద అంచున, కిలోకి పైమాటే ఉన్న ఇత్తడి లంగరు వేలాడుతోంది.

"పనిలో ఉందండి," అన్నాడు పారినాయుడు.

చేద ఒరిగి, బుడుంగుమని మునిగింది. నూకరత్నం తాడు బిగపట్టి, "సూస్తా నిలబడతావేటి మావా, వచ్చి ఒక సెయ్యి వెయ్యి," అంది. పారినాయుడు కండువా నడుముకి చుట్టుకుని వెళ్లాడు.